బిడ్డ అంటే ఆడపిల్లే

పొద్దున తాండూరు పోయే ప్యాసింజరులో రెబెక్కకు కిటికీ పక్కన సీటు దొరికింది. మామూలుగా అయితే అది మంచి రోజు కింద లెక్క. వికారాబాదులో ఎక్కి తాండూరులో దిగేలోపు ఎంత లేదన్నా ఒక అధ్యాయం అయిపోతుంది. కానీ ఆ శనివారం చదువుతున్న పుస్తకం సంచిలోనే ఉండిపోయింది. చేతిలో ఫోను ఉంది, ఒళ్లు మండిపోతూ ఉంది.

ఫోనులో ఉన్నది ఒక రచయిత గారు పెట్టిన పోస్టు. కోస్తాలో పుట్టి, హైదరాబాదులో స్థిరపడి, సభల్లో శాలువాలు కప్పించుకునే పేరున్న మనిషి. "పుస్తకం చదవకుండానే సమీక్షలు రాసేసే బ్లాగరమ్మలు తయారయ్యారు. నా 'లాంతర్ల ఊరు' నవలలో తప్పిపోయింది మగబిడ్డ. ఈవిడ గారు ఆ బిడ్డను ఆడపిల్లను చేసి, పేజీల కొద్దీ కన్నీళ్లు పెట్టుకున్నారు. అట్ట చూసి రాశారో, కలగని రాశారో!" అని రాశాడు. కింద రెబెక్క సమీక్షను ఫోటో తీసి, ఆమె పేరుతో సహా అతికించాడు. దాని కింద జనం పళ్లికిలిస్తున్నారు. మగో ఆడో తెలియకుండా సమీక్షలేమిటని ఒకడు, కళ్లద్దాలు మార్చుకోమ్మా అని ఇంకొకడు. ఆ ఇంకొకడు ఏ పుస్తకమూ చదవడని రెబెక్కకు బాగా తెలుసు.

రెబెక్క తాండూరులో ఒక కందిపప్పు మిల్లు ఆఫీసులో పని చేస్తుంది. వచ్చే లారీలకు, పోయే లారీలకు గేటు పాసులు కొట్టి ఇవ్వడం ఆమె పని. సొంత ఊరు బంట్వారం దగ్గర. తండ్రి యాకోబు పోయాక తల్లి మొగులమ్మను తీసుకొచ్చి వికారాబాదులో రెండు గదుల ఇంట్లో ఉంటోంది. రైల్లో చదివిన పుస్తకాల గురించి 'కిటికీ సీటు' అని ఒక బ్లాగు నడుపుతుంది. చదివేవాళ్లు మహా అయితే వంద మంది. ఆ వంద మంది కోసమే ప్రతి డిసెంబరులో కూర్చుని, ఆ ఏడాది తన చదువంతా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని 'ఏడాది చదువు' అని రాస్తుంది. ఆ రాత అంటే ఆమెకు ప్రాణం. జీతం ఇవ్వకపోయినా ఇష్టంగా చేసే పని అదొక్కటే.

ఈ ఏడాది రాసుకోవడానికి చాలానే ఉంది. జనవరిలో మొదలుపెట్టి, సగంలో విసుగొచ్చి, వదిలేస్తే పరువు పోతుందని మార్చి దాకా ఈడ్చిన లావుపాటి అనువాదం ఉంది. ఎండాకాలం పెళ్లిళ్ల రద్దీలో నిలబడి ఒంటి చేత్తో పట్టుకుని చదివిన సన్నటి కథల పుస్తకం ఉంది. వానాకాలంలో కిటికీ రెక్క దిగక తడిసిపోతే ఇంట్లో దండెం మీద ఆరేసుకున్న కవితల పుస్తకం ఉంది. పేజీలు అప్పడాల్లా లేచాయి గానీ కవితలు చెక్కుచెదరలేదు. ఊరంతా ఆహా ఓహో అన్న ఒక ఆత్మకథ మాత్రం ఆమెకు ఒక్క ముక్క నచ్చలేదు. ఆ మాట కూడా మొహమాటం లేకుండా రాద్దామనుకుంది. వీటన్నిటికీ పైన, మొట్టమొదట పెట్టాలనుకున్నది 'లాంతర్ల ఊరు'.

ఆ నవల కథ చిన్నదే. కాలువ పక్కన ఒక పల్లె. ఒక సాయంత్రం పొలంలో పని చేసుకుంటున్న తల్లి దగ్గర నుంచి, నడక వచ్చీరాని బిడ్డ తప్పిపోతుంది. ఊరు ఊరంతా లాంతర్లు పట్టుకుని బయలుదేరుతుంది. తిండీ నిద్రా మాని, చేతికొచ్చిన పైరును తొక్కుకుంటూ, కాలువల్లో దిగి, పక్క ఊళ్లను కూడా లేపి వెతుకుతుంది. ఆఖరికి ఒక గడ్డివాము వెనక బిడ్డ క్షేమంగా దొరుకుతుంది. అంతే కథ.

ఆ నవలను రెబెక్క ఒక్కతే చదవలేదు. మొగులమ్మకు చదువు రాదు. దసరా తర్వాత కొన్ని సాయంత్రాలు ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే, పక్కన కూర్చుని రెబెక్క పైకి చదివి వినిపించింది. మొదట్లో మొగులమ్మ మాట వరసకు ఊ కొట్టింది. బిడ్డ తప్పిపోయిన దగ్గర నుంచి చేతులు ఆగిపోయాయి. మర్నాడు రెబెక్క మిల్లు నుంచి ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే, "దొరికిందా బిడ్డ?" అని అడిగింది. గడ్డివాము వెనక బిడ్డ దొరికిన సాయంత్రం చాట పక్కకు పెట్టి ఏడ్చింది. ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు. ఆ ఏడుపు ఆగాక, ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"నీకంటె ముందు ఒక బిడ్డ ఉండె నాకు. రూతు. మీ నాయిన పూనాకు కూలికి వోయిండె. నేను కంది కోతకు వోయిన. కంది నిలువెత్తుంది. జర సేపు నా కండ్ల ముంగటనే ఆడుకున్నది, మల్ల జూస్తె లేదు. పొద్దు గూకింది. నేను మొత్తుకున్న. 'ఆడివిల్ల యాడికి వోతది, ఏ గెట్టు మీదనో పండుకోని ఉంటది, తెల్లారినంక సూద్దాం' అన్నరు మా అత్తోళ్లు. ఎవ్వలు కదల్లే. గా యేడాదే పటేలోళ్ల కోడెదూడ తప్పిపోతె ఊరంత గా కథల లాంతర్ల లెక్కనే కందీళ్లు వట్టుకోని తిరిగింది. నా బిడ్డ కోసం ఒక్క కందీలు గూడ ముట్టియ్యలే. తెల్లారి ఒర్రె నీళ్ల కాడ దొరికింది. అప్పటికే సల్లవడ్డది."

తనకు ఒక అక్క ఉండేదని రెబెక్కకు తెలియడం అదే మొదటిసారి. ఇంట్లో ఫోటో లేదు, నాన్న నోటి వెంట ఎన్నడూ ఆ పేరు రాలేదు. మొగులమ్మే ముఖం తుడుచుకుని, "గా కథల ఊరోళ్లు మంచోళ్లు బిడ్డా. ఆడివిల్ల కోసం గంత మంది తిరిగిన్రు. గసొంటి ఊరు గూడ ఉన్నదన్నమాట. గది ఏడుందో సారును అడుగు" అంది.

రెబెక్క సమీక్షలో రాసింది ఇదే. తల్లిని అడిగి, ఆమె సరే అన్నాకే రాసింది. ఆడపిల్ల కోసం ఊరు మొత్తాన్ని నిద్ర లేపిన నవల అని రాసింది. అందులో బిడ్డను 'వంశానికి ఒక్క దీపం' అన్న చోట, ఆడపిల్లను ఆ మాట అన్న రచయితకు దండం పెట్టాలని కూడా రాసింది. ఆ వాక్యం కిందే ఇప్పుడు జనం ఎక్కువగా నవ్వుతున్నారు.

ఇందులో ఆమె తప్పేముంది? ఈ వైపు బిడ్డ అంటే కూతురు. నాకొక కొడుకు, ఒక బిడ్డ అంటారు. బిడ్డ పెండ్లి అంటే కూతురి పెళ్లి. కొడుకును బిడ్డ అనేవాళ్లు బంట్వారం నుంచి బొంరాస్‌పేట దాకా వెతికినా దొరకరు. రచయిత గారి వైపు పసివాడు మగైనా ఆడైనా బిడ్డేనట. ఆ సంగతి ఆయన పుస్తకంలో ఎక్కడైనా చెప్పి ఏడిస్తే కదా! బిడ్డ నవ్వింది, బిడ్డ ఏడ్చింది, బిడ్డ తప్పిపోయింది అని రాసుకుంటూ పోయాడు. నవ్వింది, ఏడ్చింది అన్నాక మగపిల్లవాడని ఎవరికి తోస్తుంది? రైల్లో కూర్చుని రెబెక్క, సంచిలో వేసుకొచ్చిన ఆ నవల మళ్లీ తీసి, తాండూరు వచ్చేదాకా కసిగా పేజీలు తిప్పింది. ఎక్కడా 'వాడు' అని లేదు, 'కొడుకు' అని లేదు. ఆయన మనసులో ఉంది మగపిల్లవాడట. ఆయన మనసులోకి దూరి చూడకపోవడం ఈమె చేసిన నేరమట.

స్టేషనులో దిగేసరికి మహిధర్ ఫోను. తాండూరులో పుస్తకాలు చదివేవాళ్లను పోగేసి ఒక బృందం నడుపుతున్నది అతనే. మర్నాడు ఆదివారం వికారాబాదులో ఆ బృందం పెట్టే ఏడాది చివరి సభకు, అతని ఖర్మో ఈమె ఖర్మో, ముఖ్య అతిథి ఆ రచయిత గారే.

"అక్కా, పరేషాన్ గాకు. రేపు నీ 'ఏడాది చదువు' నువ్వే చదవాలె. కార్డుల పేరు గూడ అచ్చైంది. గని జర ఒక్క మాట సారీ అనేసెయ్. నీ సమీక్ష పోస్టు తీసెయ్. సారు నారాజ్ ఉన్నడు."

"ఏం చేసిన్నని సారీ?"

"మొగపిల్లగాన్ని పట్టుకోని ఆడపిల్ల అన్నవ్ గద అక్కా."

"నువ్వు చదివినవా ఆ పుస్తకం?"

"సగం చదివిన."

"సగం దాకా నీకేమనిపిచ్చింది? ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

"నిజం చెప్పాల్నంటె... ఆడపిల్లనే అనుకున్న. గని సారే చెప్పినంక..."

రెబెక్క ఫోను కట్ చేసింది. ఆ రోజు మిల్లులో రెండు లారీల నంబర్లు తారుమారు చేసి కొట్టింది. సేటు వచ్చి అరిస్తే, ఎన్నడూ లేనిది, ఎదురు అరిచింది. ఆయన బిత్తరపోయి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి మొగులమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి మంచం మీద పరిచింది. మహిధర్ పంపిన కార్డు రెబెక్క ఎప్పుడో చదివి వినిపించింది కదా, ముసలిదానికి తేదీ గుర్తుంది.

"రేపు చర్చి అయినంక నేను గూడ వస్త. గా సారును జూడాలె. గా ఊరు ఏడుందో నువ్వు అడగకపోతె నేనే అడుగుత."

ఇంతసేపూ తన పరువు పోయిందని మండిపడుతోంది. ఇప్పుడు అసలు నష్టం కళ్ల ముందు కనిపించింది. రచయిత గారు తన దగ్గర లాక్కుంటున్నది ఒక సమీక్షను. తల్లి దగ్గర లాక్కోబోతున్నది ఆ ఊరిని. ఆడపిల్ల కోసం లాంతర్లు వెలిగించే ఊరు ఒకటి ఈ లోకంలో ఉందని మొగులమ్మ ఈ రెండు నెలలుగా నమ్ముతోంది. నమ్మినప్పటి నుంచి రూతు పేరు నోరారా పలుకుతోంది. ఆ ఊరు లేదని ఎవరు చెప్పాలి? ఎట్లా చెప్పాలి? రాకుండా ఆపుదామని చూసింది. జనం ఎక్కువ ఉంటారంది, కూర్చోవడానికి చోటు ఉండదంది. మొగులమ్మ వినలేదు.

సభ ఒక ఫంక్షన్ హాలు పైఅంతస్తులో. మైకు ఒకటే గీపెడుతోంది. వెనక వరసలో మొగులమ్మ చీర కొంగు నిండుగా కప్పుకుని, ఎవరు మాట్లాడినా చప్పట్లు కొడుతూ కూర్చుంది. రచయిత గారికి దండలు, శాలువా అయ్యాయి. ఆయన మాట్లాడాక రెబెక్క వంతు వచ్చింది. వేదిక ఎక్కుతుంటే మహిధర్ చెవి దగ్గరకు వచ్చి, "అక్కా, సారీ మర్చిపోకు" అన్నాడు.

జనవరి అనువాదం నుంచి తడిసిన కవిత్వం దాకా ఆమె బాగానే చదివింది. 'లాంతర్ల ఊరు' దగ్గరకు వచ్చేసరికి కాగితం మడిచేసి రచయిత గారి వైపు తిరిగింది.

"సార్, నేను చదవకుండ రాసిన అన్నరు. నేను ఒకసారి రైల్ల చదివిన, ఇంకోసారి మా అమ్మకు చదివి వినిపిచ్చిన. మీ పుస్తకంల 'వాడు' అని ఒక్కసారి గూడ లేదు. మా దిక్కు బిడ్డ అంటె ఆడపిల్లనే. మా దిక్కోళ్లు చదువుతరని మీకు తోచనే లేదు. గది నా తప్పెట్లయితది?"

రచయిత గారికి కోపం రాలేదు. అదే ఇంకా ఒళ్లు మండే సంగతి. చిన్నపిల్లకు పాఠం చెప్పేవాడిలా చిరునవ్వు నవ్వి మైకు దగ్గరకు లాక్కున్నాడు.

"మీ ప్రాంతంలో అలా అంటారని నాకు తెలియదమ్మా, ఒప్పుకుంటున్నాను. కానీ మాట తెలియకపోయినా లోకం తెలియాలి కదా. ఊరంతా తిండీ నిద్రా మానేసి వెతికిందని రాశాను. పైరు తొక్కేశారని రాశాను. అక్కడే తెలిసిపోవాలి, పోయింది మగబిడ్డ అని. ఆడపిల్ల తప్పిపోతే ఏ ఊరు అలా కదులుతుంది చెప్పండి? అలా రాస్తే ఎవరు నమ్ముతారు? జరగనిది నేను రాయను."

హాలంతా నవ్వింది. ముందు వరసలో పెద్దమనుషులు తలలు ఊపి చప్పట్లు కొట్టారు. సారు ఎంత నిజం చెప్పాడో అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెబెక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన అబద్ధం చెప్పి ఉంటే కడిగి పారేసేది. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం వల్లే రూతు ఒర్రె దగ్గర రాత్రంతా ఒక్కతే పడి ఉంది. ఆ నిజాన్ని శాలువా కప్పుకుని ఇంత తీరిగ్గా, ఇంత నవ్వుతూ ఎట్లా చెప్పగలడు మనిషి?

"సారీ చెప్ప సార్. పోస్టు గూడ తియ్య" అంది. ఇంకా చాలా అనాలని ఉంది. ఈలోపు మహిధర్ టైం అయిపోతోందంటూ వచ్చి మైకు అందుకున్నాడు. దిగి వస్తుంటే వెనక వరసలో మొగులమ్మ ఒక్కతే గట్టిగా చప్పట్లు కొడుతోంది. తన బిడ్డ పెద్ద సారుతో మైకులో మాట్లాడిందని ఆమె ముఖం వెలిగిపోతోంది.

రచయిత గారి దగ్గరకు పోదామని తల్లి లేచేలోపే రెబెక్క ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దింపి, ఆటో ఎక్కించింది.

"గట్ల గుంజుకొస్తవేందే? సారుతోని మాట్లాడకపోతిమి" అని మొగులమ్మ విసుక్కుంది. కాసేపటికి మళ్లీ తనే, "ఏమన్నడు సారు? మైకుల గుయ్యిమనుడు తప్ప ఒక్క మాట సమజ్ కాలే. అందరు నవ్విన్రు గని ఎందుకు నవ్విన్రో తెల్వలే. ఊరు పేరు జెప్పిండా?" అంది.

అబద్ధం నాలుక చివరనే ఉంది. గోదావరి దగ్గర ఏదో ఊరని ఒక పేరు చెప్పేస్తే అయిపోతుంది. మొగులమ్మ వెళ్లి చూడబోయిందా, ఏమన్నానా? కానీ మంచికేనని దాచిన మాటలతోనే కదా రూతు ఇంట్లో ఫోటో కూడా లేకుండా పోయింది. మంచికేనని ముప్పై ఏళ్లు అందరూ నోరు మూసుకునే కదా తనకు అక్క లేకుండా చేశారు. ఆ పని తనూ చేయాలా? రెబెక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మా, గా కథల తప్పిపోయింది మొగపిల్లగాడంట. ఆళ్ల దిక్కు మొగపిల్లగాన్ని గూడ బిడ్డ అంటరంట. మనమే ఆడపిల్ల అనుకున్నం."

"మొగపిల్లగాడా?"

"అవ్."

మొగులమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆ చేతుల వైపే చూసుకుంది. "గట్లనా" అంది. కొంచెం ఆగి, బజారులో ఏదో ధర విన్నట్టు మామూలుగా, "గందుకే ఎతికిన్రు" అంది.

ఏడ్చినా బాగుండేది. తిట్టినా బాగుండేది. రెబెక్క తల్లి భుజం మీద చెయ్యి వేసింది. మొగులమ్మ ఆ చేతిని తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. ఆటో కూరగాయల బండ్ల మధ్య ఇరుక్కుని, హారన్లు కొట్టుకుంటూ, మెల్లగా బయటపడింది. ఇల్లు దగ్గర పడుతుండగా మొగులమ్మ ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"గది కథనే గద?"

"కథనే అమ్మా."

"ఉత్తదే గద? సారు కుర్సీల కూసోని రాసిందే గద?"

"అవ్."

"మరి ఆయనకేం రోగం?" ఆ గొంతు రెబెక్క పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు. "మా ఊరోళ్లు కందీళ్లకు నూనె ఖర్సయితదని సూస్తరు, ఈయనకేం ఖర్సయితది? ఉత్తుత్తి ఊరు, ఉత్తుత్తి మనుషులు. ఉత్తుత్తిగ గూడ ఆడివిల్ల కోసం ఒక్క కందీలు ముట్టియ్యనీకి చేతులు రాలేదా? నిజంగనైతె ఎట్లాగు ఎవ్వలు ఎతకరు. కథలన్న ఎతకొద్దా?"

ఆటో డ్రైవరు బండి పక్కకు ఆపి వెనక్కి తిరిగి చూశాడు. జవాబు చెప్పాల్సిన మనిషి హాల్లో భోజనం చేస్తున్నాడు. ఆమె ఫోను తీసి, సగం రాసి ఉన్న 'ఏడాది చదువు' పోస్టు తెరిచింది. పుస్తకాలన్నిటినీ కిందికి తోసేసి, పైన రచయిత గారి పేరు పెట్టి, దాని పక్కన తల్లి అడిగింది అడిగినట్టే కొట్టడం మొదలుపెట్టింది. మొగులమ్మ ఇంకా అరుస్తూనే ఉంది.